కరెంటుకు ఎగిరిన పాదం

ఆ పొద్దున కుడికాలి చెప్పు వాకిట్లోనే ఉండిపోయింది. నేను వీధి చివరిదాకా నడిచేశాను. జారిన సంగతే తెలియలేదు. కిందికి చూస్తే పాదం వేలాడుతోంది, ఎత్తుదామంటే రావడం లేదు. ముప్పై ఆరేళ్లకే నడక పోయిందా అనుకున్నాను.

మా అత్త చూడగానే పక్షవాతమని తేల్చేసింది. ఆమె తేల్చాక ఇక డాక్టర్లెందుకు? పావురం నెత్తురు పూస్తే కాలు వస్తుందని, సాయంత్రానికల్లా కావలి నుంచి రెండు పావురాలు తెప్పించి గంప కింద మూసింది. మామగారు మంచాన పడినప్పుడూ ఇదే చేసింది, ఆయన లేవలేదు. నాకు మండిపోయింది. నరాల డాక్టరుకు చూపించుకుని వచ్చేదాకా వాటిని ముట్టుకుంటే ఊరుకోనని చెప్పి, మర్నాడు ఆమెనే తోడు తీసుకుని నెల్లూరు బస్సెక్కాను.

డాక్టరమ్మ పాదం మీద తీగలు అంటించి, చీలమండ దగ్గర చిన్న కరెంటు పెట్టింది. చురుక్కుమంది. వేళ్లు ఎగిరాయి! మోకాలికి కాస్త కింద పెడితే పాదమే లేచింది. నిన్నటి నుంచి చచ్చినట్టు పడున్న పాదం! నాకు నవ్వాగలేదు. మోకాలి పక్కనున్న ఎముక దాటి పైన పెట్టినప్పుడు మాత్రం కదల్లేదు.

ఈ మధ్య ఏం పని చేశారని అడిగింది. నోటితో చెప్పడమెందుకని మంచం దిగి నేలమీద గొంతుక్కూర్చుని చూపించాను. వేరుశనగ చేలో నాలుగు రోజులు ఇలాగే జరుగుతూ కలుపు తీశాం. కూలికొచ్చినవాళ్లు మధ్యమధ్య లేచి నడుములు విరుచుకున్నారు. సొంత చేను కదా, నేను లేవలేదు.

"అదేనమ్మా. అట్టా కూర్చుంటే మోకాలి పక్కన నరం నలిగింది, అందుకే దానికి పైన పెడితే కదల్లా. పక్షవాతం కాదు. టైం పడతది గానీ, కోలుకుంటది," అంది డాక్టరమ్మ.

టెస్టు జరిగినంతసేపూ మా అత్త కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఇప్పుడు తెరిచి, డాక్టరమ్మ దగ్గరికి జరిగింది.

"ఇంకొక్క తూరి పెట్టమ్మా. నేను చూడలా."

పెట్టింది. పాదం లేచింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికి రాగానే గంప ఆమే ఎత్తేసింది. పావురాలు ఎగిరి ఎదురింటి డాబా మీద వాలాయి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని, పాదం ఎత్తమనేది. ఎత్తలేకపోయేదాన్ని. ఆరో వారంలో ఒకరోజు బొటనవేలు కొంచెం లేచింది. అత్త గబుక్కున వంగి, తీగ ఏదైనా ఉందేమోనని నా కాలి కింద వెతికింది.