దిబ్బ మీది మంచినీళ్లు

నా చిన్నప్పుడు నాంపల్లిలో మా ఇంటికి ఊరి నుంచి ఎవరొచ్చినా, ముందు ఎండుచేపల వాసన వచ్చేది, మనిషి తర్వాత. ఆసారి మాత్రం మా తాతయ్య చేపలు తేలేదు. ఇత్తడి మరచెంబు నిండా నీళ్లు పట్టుకుని, పసిబిడ్డను దింపినట్టు జాగ్రత్తగా దింపుకుంటూ రైలు దిగాడు.

తాతయ్య వాళ్లది సముద్రానికీ ఉప్పుటేటికీ మధ్యనున్న సన్నటి ఇసుక దిబ్బ. వేట కాలంలో మా వాళ్లు అక్కడ తాటాకు పాకలు వేసి, వచ్చిన జాలర్లకు వండిపెట్టేవారు. ఒడ్డు నుంచి మనుషుల్ని దాటించే పడవా మాదే. తాతల నాటి నుంచీ అదే బతుకు. ఆ ఏడు పడవ నడపడానికి సర్కారు అనుమతి ఇవ్వలేదు. పడవ ఆగితే పాకలు ఎత్తేయాలి, పాకలు ఎత్తేస్తే మా వాళ్లకు ఇంకో పని చేతకాదు. అందుకే పెద్ద ఆఫీసులో మొర పెట్టుకుందామని వచ్చాడు, పాపం.

నాన్నకు అబిడ్స్‌లో బట్టల కొట్లో ఉద్యోగం, సెలవు దొరకలేదు. దారి చూపించమని నన్ను పంపారు. లక్డీకాపూల్ దాకా మండుటెండలో నడిచాం. నాలుక పిడచకట్టుకుపోతోందన్నా తాతయ్య ఆ మరచెంబు ముట్టుకోనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. మనవరాలికి గుక్కెడు నీళ్లివ్వని తాత ఏం తాతని లోపల్లోపల తిట్టుకున్నాను.

ఆఫీసులో గుమాస్తా మంచివాడే. మమ్మల్ని కూర్చోబెట్టి, బల్ల మీద తీరం పటం, అదే నక్షా, పరిచి చాలాసేపు వెతికాడు.

"పెద్దాయనా, గీ నక్షల మీ దిబ్బనే లేదు. దిబ్బ లేకుంటే పడవ యాడికి పోతదని రాయాలె?"

తాతయ్య మరచెంబు మూత తిప్పి, అక్కడున్న గ్లాసులో నీళ్లు పోశాడు. "తాగి సూడండి బాబుగారూ. సుట్టూ ఉప్పు సంద్రం. మా దిబ్బ మీద ఇసక తవ్వితే ఈ నీళ్లు పడతాయండి. దిబ్బే లేకపోతే ఇవెక్కణ్ణించి వచ్చాయండి?"

ఆ మనిషికి తోచిన సాక్ష్యం అదొక్కటే.

గుమాస్తా గ్లాసు ఖాళీ చేశాడు. "మంచిగున్నయ్" అన్నాడు తల దించుకుని. "గానీ నీళ్లను ఫైల్ల ఎట్ల పెట్టాలె, నువ్వే చెప్పు."

బయటికొచ్చాక తాతయ్య మిగిలిన నీళ్లన్నీ నా దోసిట్లో పోశాడు, తను చుక్క తాగలేదు. ఎలా ఉన్నాయని అడిగితే చప్పగా ఉన్నాయన్నాను. చప్పగా ఉండటమే వాటి గొప్పతనమన్నాడు. ఖాళీ మరచెంబుకు మూత బిగిస్తూ, "లేదని ఆళ్లంటారమ్మా. అననీ. మనం మాత్రం అనకూడదు" అన్నాడు.

పడవ ఆగిపోయింది. కొన్నాళ్లకు పాకలూ పోయాయి. తర్వాత వచ్చిన తుఫాన్లకు దిబ్బే కోసుకుపోయి, నక్షా మాటే నిజమైంది. తాతయ్య చివరి రోజులు మా ఇంట్లోనే గడిచాయి. సముద్రపు హోరు వినిపించని ఊళ్లో ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆయన కోసం మేమేమీ చేయలేకపోయాం.

మా వాళ్లు తలో దిక్కూ చెదిరిపోయారు. తిరిగి వెళ్దామన్నా కాలు మోపడానికి చోటు లేదు, ఇక రాదు కూడా. అది నాకు బాగా తెలుసు. అయినా పక్కింటి కోడలు "మీది ఏ ఊరు అమ్మమ్మా, యాడుంటది?" అని అడిగితే ఆ దిబ్బ పేరే చెబుతాను, తూర్పుకేసి చెయ్యి చూపిస్తాను. లేదన్న మాట మాత్రం ఇన్నేళ్లలో నా నోట రాలేదు.