ఆడవాళ్ల వేళలో లెక్కల పాఠం

కర్నూలులో జిల్లా ఆఫీసు మేడ మీది హాలులో శాఖా గ్రంథాలయాల వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఆన్‌లైన్ చదువుల కోసం మూడేళ్ల ప్రణాళిక రాయమన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. లైబ్రేరియన్‌గా చేరి అప్పటికే చాలా ఏళ్లయింది. పేపర్లు సర్దడం, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయించడం, పోయిన వాటికి సంజాయిషీ రాసుకోవడం, ఇదే నా పని. మీ ఊరి జనానికి ఏం కావాలమ్మా అని అంతవరకు నన్నడిగినవాళ్లు లేరు.

నేను పుట్టింది కడప వైపు, ఒంటిమిట్టకు దగ్గర. ఉద్యోగం మాత్రం బేతంచెర్ల దారిలో బండల ఫ్యాక్టరీలున్న ఒక చిన్న ఊళ్లో. గనుల నుంచి వచ్చిన రాయిని అక్కడ కోసి, పాలిష్ పట్టి, లారీలకెత్తుతారు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత తెల్లదుమ్ము. అలాంటి చోట కంప్యూటర్లు పెడితే ఎన్నాళ్లుంటాయన్నది నా మొదటి దిగులు. రెండో దిగులు, వాటి ముందు ఎవరు కూర్చుంటారన్నది.

ఇంట్లో కూర్చుని రాసేయకుండా నలుగురినీ అడిగాను. పోటీ పరీక్షలకు చదివే మగపిల్లలు ఎప్పుడంటే అప్పుడు వస్తామన్నారు. ఆడవాళ్లే తటపటాయించారు. పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, "మొగపిల్లోళ్లు కూసోనుంటే మేమెట్ల వస్తాం మేడమ్? మా పక్క చూసి నగుతారు" అంది. అందుకని మధ్యాహ్నం అన్నాలైన తర్వాత రెండు గంటలసేపు ఆడవాళ్లకే అని రాశాను. తెర మీద పాఠం చెప్పే సారు ఎదురు ప్రశ్న వినడు కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలనీ, ఆ మనిషి నేనేననీ రాశాను. కరెంటు పోతే పాఠం మధ్యలో ఆగకుండా ఇన్వర్టర్ కావాలని రాశాను.

చివర్లో 'ఫలితాలకు ఆధారం' అని ఒక గడి ఉంది. అందులో, చదువుకున్నవాళ్ల మాట, వాళ్ల పరీక్ష ఫలితం అని రాశాను. ప్రణాళికలు సరిచూడటానికి వచ్చిన యువకుడు అది కొట్టేశాడు.

"ఆధారమంటే ఫొటోలు మేడమ్. వారం వారం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి."

"మా ఊరి ఆడవాళ్లు ఫొటోలకు ఒప్పుకోరు బాబూ."

"అయితే వెనక నుంచి తీయండి" అని తర్వాతి ఊరి కాగితం అందుకున్నాడు.

పాత పేపర్ల కట్టలున్న గదిని ఖాళీ చేయించి కంప్యూటర్లు పెట్టారు. కిటికీకి తడిగుడ్డ కట్టాను. మొదట్లో ఆడవాళ్ల వేళకు ఎవరూ రాలేదు. తర్వాత ఒకామె పక్కింటామెను, ఆమె తన ఆడబిడ్డను తోడు తెచ్చుకున్నారు. వాళ్లు పాఠాలు వింటుంటే నేను గది గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. గ్రూపులో పెట్టమన్న ఫొటోల కోసం గాజుల చేతులు, కీబోర్డులు తీసి పంపేదాన్ని. మొహాలు లేవేమని రెండుమూడు సార్లు ఫోను వచ్చింది. కెమెరా సరిగా లేదని చెప్పాను.

అలా గది నిండుతున్న రోజుల్లోనే ఆ అమ్మాయి వచ్చింది. పెళ్లై ఏడాది దాటినట్టుంది. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఈడ పదో తరగతి లెక్కలు చెప్తారంట గదా మేడమ్?"

"చెప్పేది కంప్యూటరమ్మా. తెలియకపోతే నేను చెప్తా."

"నాకు శానా తెలీదు మేడమ్" అని నవ్వింది.

మిగతా సబ్జెక్టులన్నీ పాసై లెక్కల్లోనే తప్పిందట. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమెకు లోకం పట్టేది కాదు. తెర మీది సారు ఏదైనా వేగంగా చెప్పేస్తే, "నిదానంగా చెప్పండి సార్" అని పైకే అనేది. పక్కవాళ్లు నవ్వితే నాలుక కరుచుకునేది. త్రిభుజాల దగ్గర ఆమెకు ఎక్కడ అడ్డుపడుతోందో కనిపెట్టడానికి నేను కూడా ఆ పాఠాలు ముందే వినాల్సి వచ్చింది. ఈ వయసులో నాకు మళ్లీ లెక్కలు వచ్చాయి.

ఒక రోజు అందరూ వెళ్లాక ఆగి, చున్నీ కొసను చేతికి చుట్టుకుంటూ తన సంగతి చెప్పింది. పుట్టిల్లు ఆదోని దగ్గరి పల్లె. రెండు కుటుంబాలూ చర్చికి పోయేవాళ్లే. సంబంధం కుదిరిన రోజు సంఘ పెద్దల ముందర, పిల్ల పది పాసైందని వాళ్ల నాన్న చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె లోపల గదిలోనే ఉంది. బయటికొచ్చి కాదని అనలేకపోయింది.

"ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడుతుందంట మేడమ్. మా అత్త రోజూ అడుగుతాండాది, సర్టిఫికెట్ తెప్పీమ్మా అని. మా నాయన ఇంట్లో ఉండాదని చెప్తాండా. ఈ తూరి పాసైపోతే ఇంగ అబద్ధం ఉండదు గదా?"

"మీ అత్తకు నువ్వే చెప్పరాదూ?"

"ఆమె మంచిదే మేడమ్. అందుకే చెప్పలేకపోతాండా. కుట్టుమిషను నేర్చుకునేకి పోతాండానని చెప్పొస్తా ఈడికి. మీరు ఎవరికీ చెప్పద్దండి."

చెప్పనన్నాను. ఆమె మొహంలో అప్పుడు కనిపించిన తేలిక నాకింకా గుర్తుంది.

పరీక్షలు ఇంకొంత దూరంలో ఉండగా, పైనుంచి ఒక అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. పొద్దున వస్తాడన్నవాడు దారిలో ఇంకేదో పని చూసుకుని సరిగ్గా ఆడవాళ్ల వేళకే వచ్చాడు. వెంట ఇద్దరు ముగ్గురు, కెమెరాతో ఒకడు. నేను గుమ్మానికి అడ్డంగా లేచి నిలబడి, "సార్, ఇది ఆడవాళ్ల సమయం. బయటివాళ్లెవరినీ లోపలికి రానివ్వబోమని వాళ్లకు మాటిచ్చాం. కాసేపు ఆఫీసు గదిలో కూర్చోండి" అన్నాను.

"మంచి పనే కదమ్మా చేస్తున్నారు, దాచుకోవడం దేనికి?" అని నా భుజం మీదుగా లోపలికి చూశాడు. మనిషి దురుసైనవాడు కాదు. గొంతులో మెచ్చుకోలు కూడా ఉంది. ఆయన నాతో మాట్లాడుతుండగానే కెమెరా మనిషి పక్క నుంచి దూరిపోయాడు. లోపలున్న ఆడవాళ్లు గబగబా కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. హెడ్‌ఫోన్లలో పాఠం నడుస్తోంది. తెర మీద వృత్తం, దాన్ని తాకుతూ ఒక గీత. ఆమె పెదవులు కదుపుతూ సారుతో పాటు చదువుతోంది. నేను పిలిచాను, గట్టిగానే పిలిచాను. వినపడలేదు. కెమెరా వెలుగు మొహం మీద పడ్డాకే తలతిప్పింది.

అధికారిని బతిమాలాను. ఆ ఫొటో వాడొద్దు, ఆ అమ్మాయికి ఇంట్లో ఇబ్బంది అన్నాను. "అలాగే చూద్దాం లెండి" అన్నాడు. ఆయన కారెక్కాక నేను మా జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి మళ్లీ చెప్పాను. ఫొటో అప్పటికే విలేకరులకు వెళ్లిపోయిందన్నారు. ఆ అమ్మాయి చెప్పులేసుకుని వెళ్లింది. వెనకాలే వెళ్లి, "నేను చెప్పానమ్మా, వేయకుండా చూస్తా" అన్నాను. తల ఊపింది.

మర్నాడు జిల్లా పేజీలో పెద్దగానే వేశారు. 'పది తప్పినా చదువు తప్పలేదు' అని శీర్షిక. కింద, పది తప్పిన ఆడవాళ్ల కోసమంటూ మా ప్రణాళికను మెచ్చుకుంటూ నాలుగు మాటలు. ఫొటోలో మిగతావన్నీ కొంగులు. మొహం ఒక్కటే.

గ్రంథాలయం తెరవగానే పేపరు కోసం వచ్చే పెద్దమనుషులు ఆ పేజీ ఒకరి నుంచి ఒకరు తీసుకుని చూశారు. "మన ఊరు పేపర్లో పడిందే" అని ఒకాయన నన్ను అభినందించాడు. నేను లోపలికెళ్లిపోయాను. మధ్యాహ్నం ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. కంప్యూటర్లన్నీ వేసిపెట్టి, ఆ రెండు గంటలూ గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఇంటికెళ్లి ఆ అమ్మాయిని చూడాలనిపించింది. నేను వెళ్తే ఆ ఇంట్లో మంట ఇంకా పెరుగుతుందేమోనని భయపడి ఆగాను.

రెండు రోజుల తర్వాత ఆమె అత్త వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దాకా తెల్లగా రాతిపొడి. చేతిలో మడిచిన పేపరు.

"ఈ పాప మా కోడలే గదా మేడమ్? నువ్వు చెప్పు."

"కూర్చోమ్మా" అన్నాను.

"కూసోను. చెప్పు."

"మీ కోడలే."

ఆమె కాసేపు పేపరు వైపే చూసింది. "నాకు ఒక్క అచ్చరం ముక్క రాదు. పక్కింటోళ్లు చదివి చెప్పినారు. పది తప్పినోళ్లంట గదా వీళ్లంతా, అన్యారు. నేను అరిచినా వాళ్ల మీద. మా కోడలు పది పాసైంది, మీకేం తెలుసు అని అరిచినా. అరిచినంక ఆ పాప లోపల్నుంచి వచ్చి నా కాళ్లు పట్టుకున్యాది."

పాసవ్వాలనే వచ్చిందమ్మా, చాలా కష్టపడుతోంది అన్నాను.

"పది తప్పితే ఏమైతాది మేడమ్? నేను బడి గడపే తొక్కలేదు. నాకు అది కాదు బాధ. దేవుని ముందర, పెద్దోళ్ల ముందర అబద్ధం చెప్పినారే. ఇంట్లో ఏడాది నుంచి నాతో అన్నం తింటా నాకు చెప్పలేదే" అంది. "మా పిల్లోడు ఆ పాపను నిన్ననే పుట్టింట్లో ఇడిసిపెట్టి వచ్చినాడు. పెద్దోళ్లు మాట్లాడేదాకా ఆడే ఉండనీ."

వెళ్లబోతూ ఆగింది. "అది యాడ కూసునేది?"

చూపించాను. ఆమె ఆ కుర్చీ వెనక నిలబడింది. ఏం వినేదో చూపించమంది. పాఠం పెట్టాను. సారు ఏవో గీతలు గీస్తూ చెబుతున్నాడు. ఆమెకు అందులో ఏమర్థమైందో నాకు తెలియదు. చాలాసేపు కదలకుండా చూసి, "ఈ మాత్రం దానికి దాచల్లా?" అని, పేపరు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కర్నూలులో సమీక్షా సమావేశం జరిగింది. హాలులో గోడ మీద మా ఊరి ఫొటో, ఆ అమ్మాయి మొహం, మనిషి ఎత్తుకన్నా పెద్దగా. ఆదర్శ శాఖ అని మమ్మల్ని చూపించారు. చప్పట్లు కొడుతుంటే లేచి నిలబడ్డాను. ఎవరి ఇల్లో చెప్పకుండా, ఈ ఫొటో వల్ల ఒక ఇల్లు రెండు ముక్కలైందని చెప్పాను. ఆడవాళ్ల వేళకు ఇప్పుడు మా ఊళ్లో ఒక్కరూ రావడం లేదని చెప్పాను. ఒప్పుకోకుండా ఎవరి ఫొటోనూ తీయకూడదని, చదువుకునే వేళ తనిఖీలు ఉండకూడదని ప్రణాళికలో రాయాలని అడిగాను.

"వ్యక్తిగత సమస్యలకు మనమేం చేస్తాం మేడమ్?" అన్నాడు ముందు వరుసలోంచి ఒకాయన. ఇంకో ఊరి లైబ్రేరియన్, నాకు పెద్దగా పరిచయం లేనామె, లేచి తన దగ్గరా ఇదే భయం ఉందని చెప్పింది. వాదన కొంతసేపు నడిచింది. చివరికి ఒప్పుకున్నారు. అచ్చయి వచ్చిన దాంట్లో 'సాధ్యమైనంత వరకు' అని చేర్చారు. గోడ మీది ఫొటోను మాత్రం ఆ పూటకి ఎవరూ తీయలేదు. నేను భోజనాలకు ఆగకుండా కల్లూరు దాకా షేర్ ఆటోలో వచ్చి బస్సెక్కాను. దారంతా, ఇల్లు రెండు ముక్కలైందని నలుగురిలో అన్న మాట కూడా ఆ అమ్మాయి అనుమతి లేకుండా అన్నదే గదా అనిపిస్తూనే ఉంది.

కొన్నాళ్లకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయే.

"మేడమ్, ఆ పాఠాలు ఫోన్లో వస్తాయా?"

ఎలా ఉన్నావని అడిగితే చెప్పలేదు. పాఠాల సంగతే అడిగింది. తమ్ముడి ఫోన్లో ఎలా తెరవాలో నిదానంగా చెప్పాను. మా పల్లెలో సిగ్నల్ మిద్దె మీదనే వస్తుంది, ఎండ దిగినాక చూసుకుంటా అంది. తర్వాత అప్పుడప్పుడు చేసేది. వృత్తాల గురించి, సంభావ్యత గురించి. మా మాటల్లోకి ఆ ఫొటో ఎప్పుడూ రాలేదు. క్షమించమని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ ఇంకో లెక్క అడిగింది.

ఆ పరీక్షలో పాసైంది. ఈలోగా ఆయా పోస్టు వేరే ఆమెకు పోయింది. సంఘ పెద్దలు మాట్లాడి, వాళ్ల నాన్నతో అందరి ముందరా తప్పు ఒప్పించి, ఆమెను అత్తగారింటికి పంపారని మా ఊళ్లో వాళ్లే చెప్పుకుంటుంటే విన్నాను. కాపురం ఎలా ఉందో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఈ మధ్య బస్సు దిగి నడిచి వస్తుంటే ఫ్యాక్టరీ ముందర కనిపించింది. అత్తాకోడళ్లిద్దరూ చెరో కొస పట్టుకుని బండను లారీ దగ్గరికి మోస్తున్నారు. బండ దించాక నన్ను చూసి దగ్గరికొచ్చింది. మొహం నిండా దుమ్ము, కళ్లే కనిపిస్తున్నాయి.

"బాగున్నారా మేడమ్?"

"బాగున్నా. నువ్వు?"

"ఉండాం." చేతుల దుమ్ము దులుపుకుంటూ, "ఇంటర్ కట్టినా, ఓపెన్‌లో" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి లైబ్రరీకి రారాదూ? ఇప్పుడు ఆ వేళకు బయటివాళ్లెవర్నీ లోపలికి రానివ్వడం లేదు. అట్టమీద రాసి తలుపుకు కట్టాను. నేనుంటా గదా పక్కన."

ఆమె అత్త వైపు చూసింది. అత్త దూరంగా నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది, మా మాటలు వినాలని గానీ ఆపాలని గానీ చూడలేదు.

"వద్దులే మేడమ్" అంది ఆ అమ్మాయి. "మా అత్త రావద్దని చెప్పలేదు. నాకే రాబుద్ది కాదు. ఫోన్లో చూసుకుంటా."

"అర్థం కాకపోతే?"

"మళ్లీ పెట్టుకుని చూస్తా."

అత్త పిలిచింది. ఆమె పరుగున వెళ్లి ఇంకో బండ కొస పట్టుకుంది. నేను గ్రంథాలయం వైపు నడిచాను. ఆ మధ్యాహ్నం ఒకామె వచ్చింది, కూతురిని తోడు తెచ్చుకుని. గుమ్మంలో నిలబడి, లోపల కెమెరా ఏమన్నా ఉందా అని ముందు అదే అడిగింది.