గ్యాస్ పొయ్యి మీద ప్లాస్టిక్ గొట్టం

మాది కలిదిండి. మావారు రొయ్యల చెరువుల దగ్గర ప్లాస్టిక్ గొట్టాల చివర్లు గడ్డిమంట మీద వేడిచేసి, మెత్తబడగానే ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికేస్తుంటారు. పోయిన వానాకాలం మా వంటింటి సింకు గొట్టం ఊడింది. బయట జోరువాన. ఆయన కొత్త గొట్టం తెచ్చి గ్యాస్ పొయ్యి వెలిగించారు.

"ఏవండీ, ఇంట్లోనా?" అన్నాను.

"రోజూ చేసే పనేనే," అన్నారు.

అంతలోనే గొట్టం అంటుకుంది. నల్లటి పొగ, ముక్కులు మండిపోయే ఘాటు. పక్కగదిలో ఆయాసంతో పడుకున్న అత్తయ్యగారు దగ్గలేక దగ్గుతున్నారు. నేను సిలిండరు కట్టేసి, ఆవిడని వీధి అరుగు మీదకు నడిపించుకొచ్చాను. ఊపిరి అందక ఆవిడ కళ్ళు తేలేస్తుంటే వీపు రాస్తూ కొంగుతో విసిరాను. కాసేపటికి తేరుకుని, "వాడేడే?" అన్నారు.

ఆయన దగ్గుకుంటూ వచ్చారు. మండుతున్న గొట్టాన్ని కంగారులో ఇడ్లీ పిండిలో గుచ్చి ఆర్పారట.

"ఒరేయ్, నన్ను చంపబోయావు సరే, పిండేం చేసిందిరా?" అన్నారు అత్తయ్యగారు.

చెరువు గట్టు మీదైతే ఆ పొగని గాలి పట్టుకుపోతుంది, ఇంట్లో అది మన గుండెల్లోకే వెళ్తుందని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ ఆయన టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వెళ్తే చాలు, అత్తయ్యగారు లేచి వీధి అరుగు మీదకు వెళ్ళి కూర్చుంటారు.