పొయ్యి తలుపుకు వేసిన తాడు

నా చిన్నప్పుడు ఖతర్‌లో చలే ఉండదని మా ఊళ్ళో అందరూ నమ్మేవారు. అసలు వాళ్ళ లెక్కలో ఖతర్ అనే దేశమే లేదు, ఉన్నదంతా దుబాయే. ఖతర్ నుంచి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు నేను వాళ్ళను సరిదిద్దేదాన్ని కాదు. పైగా జనవరిలో అక్కడ ఒంటెలకు స్వెట్టర్లు తొడుగుతారని, మా వీధి ఒంటెకు ఎర్రది, పక్కవీధి ఒంటెకు పచ్చది అని చెప్పేదాన్ని. మా మేనత్త ఒంటె మెడకు ఎంత ఊలు పడుతుందోనని చాలా రోజులు ఆలోచించింది కూడా. నా మాటల్లో సగం తీసేసి వినడం మా ఇంటిల్లిపాదికీ అప్పటి నుంచే అలవాటు. ఈ ఒక్క జ్ఞాపకంలో మాత్రం ఏమీ తీసేయకండి. ఇందులో ఒంటెలు లేవు.

మా బాపు దోహాలో ఒక అరబ్బు పెద్దాయన ఇంట్లో డ్రైవరు. అమ్మ అదే ఇంట్లో వంట చేసేది. ప్రహరీ గోడను ఆనుకుని ఉన్న రెండు గదులు మావి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బాపు తమ్ముడు, మా చిన్నాయన, జగిత్యాల వైపున్న మా ఊరి నుంచి వచ్చి ఆ ఇంట్లోనే మరమ్మతు పనులకు కుదిరాడు. నల్లా కారినా, తాళం పట్టేసినా ఆయనే. ఊళ్ళో ఆయనకు నులక మంచాలు అల్లడంలో పెద్ద పేరు. ఆయన బిగించిన మంచం మీద చింతగింజ పడితే ఎగిరి దూలానికి తగిలేదట. ఇది నేను కల్పించింది కాదు, మా నాయనమ్మ చెప్పింది. నాకీ గుణం ఎవరి నుంచి వచ్చిందో మీరే అర్థం చేసుకోండి.

చలికాలం రాగానే పెద్దాయన పెరట్లో ఒక గుడారం వేయించేవాడు. అదే ఆయన మజ్లిస్, అతిథులతో కూర్చునే చోటు. దాని మధ్యలో ఇనుప పొయ్యి. కట్టెలు పేర్చి తలుపు మూస్తే అద్దంలోంచి మంట కనిపించేది, పొగ మాత్రం గొట్టంలోంచి పైకి పోయేది. ఆ తలుపు అంచున చుట్టూ ఒక గాడి, గాడిలో బొటనవేలంత లావు తాడు. వేడికి కాలని పీచుతో పేనిన తాడు అది. తలుపు మూసినప్పుడు అది నలిగి, ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి. అద్దం చుట్టూ అలాంటిదే పల్చటి పట్టీ. ఆ ఏడు రెండూ ఎండి కట్టెల్లా బిగుసుకుపోయి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఒక రాత్రి షమాల్ అనే ఉత్తరపు గాలి ఎదురు కొట్టేసరికి పొగ గుడారంలోకే తిరిగి వచ్చింది. పెద్దాయన మనవలందరూ దగ్గుతూ బయటికి పరుగెత్తారు.

శుక్రవారం సాయంత్రాలు అతిథులు వచ్చి వెళ్ళాక పిల్లలు ఆ గుడారంలోనే పడుకునేవారు. ఇంకా పాలు మరవని చంటిపిల్ల కూడా వాళ్ళలో ఉండేది. వాళ్ళ పక్కనే ఒక పరుపు నాది. కాబట్టి శుక్రవారంలోగా పొయ్యి బాగుకావాలి. ఇంటి మేనేజరు కొత్త తాడు, పట్టీ, జిగురు ఉన్న పొట్లం ఒకటి తెప్పించాడు. ఆయనది హైదరాబాదు, చదువుకున్న మనిషి, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోగలడు.

శుక్రవారం పొద్దున్నే చిన్నాయన పని మొదలుపెట్టాడు. తలుపును కీలు బందుల మీంచి పైకెత్తి తీసి చాప మీద పెట్టాడు. మూతికి గుడ్డ చుట్టుకుని, నన్ను బయటికి పంపి, పాత తాడునూ ఎండిన జిగురునూ గీకి తుడిచాడు. తర్వాత నన్ను పిలిచాడు. అద్దం అంచుకు పట్టీ అంటించి దాన్ని దాని చోట పెట్టి, ఒక మూల స్క్రూ కొంచెం, ఎదురు మూల స్క్రూ కొంచెం తిప్పుతూ వచ్చాడు. నేను గట్టిగా తిప్పమన్నాను.

"అద్దాన్ని బిగించద్దు బిడ్డా, కూసోపెట్టాలె. బిగిస్తే వేడికి పగుల్తది" అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి, తాడు దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడ్డాడు. చేతికి తాడు తగలగానే ఆ చేతులు ఖతర్‌ను మరిచిపోయి మా ఊరి అరుగు మీదికి వెళ్ళిపోయాయి. గాడిలో జిగురు పెట్టి, తాడును నులకలాగా గుంజి గుంజి పరిచాడు. నున్నగా, సమంగా, చూడముచ్చటగా వచ్చింది. చివరికి మూరెడు మిగిలితే కోసేశాడు. ఆ ముక్కను నేను పిన్నీసుతో గౌనుకు వెనక తోకలా గుచ్చుకుని సింహాన్నైపోయాను. తలుపు మళ్ళీ బందులకు ఎక్కింది. మేనేజరు వచ్చి, పిడి తిప్పి చూసి, బాగుందని, వెళ్ళి పెద్దాయనతో పొయ్యి అయిపోయిందని చెప్పేశాడు. జిగురు సాయంత్రానికి ఆరుతుంది. మగవాళ్ళు జుమ్మా నమాజుకు వెళ్ళారు.

చిన్నాయనకు మాత్రం అక్కడి నుంచి కాలు కదల్లేదు. ఏదో పాత అరబ్బీ పేపరు చింపి, వేలెడు వెడల్పు ముక్క నా చేతికిచ్చాడు. తలుపు సందులో పెట్టి మూస్తాను, నువ్వు లాగు, తలుపు కరిచి పట్టుకుంటే మనం గెలిచినట్టు అన్నాడు. నాకు ఆటలా ఉంది. పిడి వైపు లాగితే కాగితం చిరిగింది. పైన చిరిగింది. బందుల వైపు లాగితే వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు సాఫీగా వచ్చేసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వచ్చేసింది. నేను గెలిచానని గంతులేస్తున్నాను, ఆయన నా తోకనే చూస్తున్నాడు.

దగ్గరికి పిలిచి ఆ తోకను తలుపు తాడు పక్కన పెట్టి చూశాడు. తోక బొటనవేలంత లావుంది. తలుపులో తాడు చిటికెన వేలంతే ఉంది. పొట్లంలో వచ్చిన తాడు గాడికి సరిపోవాలి, మిగలకూడదు. మిగిలిందంటే సాగదీసినట్టే. సాగిన తాడు సన్నబడుతుంది, సన్నబడితే సందు మిగులుతుంది. ఆయన తన రెండు చేతులనూ ముందుకు చాపి, ఎవరివో పరాయి చేతుల్ని చూసినట్టు చూసి, ఫక్కున నవ్వాడు. "మంచమల్లిన బిడ్డా, పొయ్యికి మంచమల్లిన" అన్నాడు.

జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన తాడును ఊడదీస్తుండగా మేనేజరు వచ్చాడు.

"ఏం చేస్తున్నావు? పెద్దాయనకు అయిపోయిందని చెప్పాను."

"కాలేదు సార్. తప్పు నాదే. మల్ల వేస్త. రేపు పొద్దటిదాక అంటియ్యద్దు."

"తలుపు పడుతోంది కదయ్యా. ఆ సందు ఎవడు చూస్తాడు?"

"పొగ సూస్తది సార్."

మేనేజరుకు ఆ మాట నచ్చలేదు. రాత్రికి అతిథులు పదిమంది వస్తున్నారని, తన మాట పోతుందని, ఇంకో ముక్క మాట్లాడితే ఎగ్జిట్ కొట్టించి బొంబాయి విమానం ఎక్కిస్తానని అన్నాడు. మూడు నెలల కింద అప్పుచేసి వచ్చిన మనిషికి అది చిన్న మాట కాదు. మా బాపు అప్పుడే నమాజు నుంచి పెద్దాయనను దింపి వస్తూ గుడారం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, తమ్ముడి నోరు మూయించాలనీ ఉంది, మూయించకూడదనీ ఉంది.

చిన్నాయన గొంతు పెంచలేదు. "ఎక్కియ్యుండ్రి సార్. బొంబాయిల దిగినంక గూడ గిదే చెప్త" అన్నాడు. తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తలుపును బందుల మీంచి ఎత్తి భుజాన వేసుకుని, పెరడంతా దాటుకుంటూ మా గదికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. తలుపు లేని పొయ్యిని గుడారంలో ఎవరు అంటిస్తారు? మేనేజరు వెనకాలే వచ్చాడు. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టింది. "మా మరిది పొద్దటి సంది తినలేదు సార్. తిననియ్యుండ్రి, తర్వాత కొట్లాడుండ్రి" అంది. ఉల్లి ఘాటుకో, అవమానానికో మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

చిన్నాయన తాడును కడిగి ఆరబెట్టి, రెండు చివర్లనూ లోపలికి నెడుతూ అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాడు. అది మళ్ళీ ఉబ్బింది. ఉబ్బాక మూరెడు తక్కువ పడింది. నా తోక కావాలన్నాడు. నేనివ్వనన్నాను. లాక్కోలేదు. సింహాన్ని అడిగినట్టే, చేతులు కట్టుకుని, మర్యాదగా అడిగాడు. ఇచ్చాను. ఈసారి తాడును లాగలేదు, పసిపిల్లను తొట్లో పడుకోబెట్టినట్టు గాడిలో వదులుగా పరిచి, అతుకును కింది వైపుకు తెచ్చి జిగురుతో కలిపాడు.

చీకటి పడుతుండగా పెద్దాయనే మా గదికి వచ్చాడు. చిన్నాయనకు వచ్చిన అరబ్బీ అంతా కలిపితే పది మాటలు. తలుపు చూపించాడు, పచ్చి జిగురు చూపించాడు, బయట ఆడుకుంటున్న పిల్లల వైపు చెయ్యి చూపించి తన ముక్కూ నోరూ మూసుకున్నాడు. కుంపటి పెట్టుకుని గది మూసుకుని పడుకుని మరి లేవనివాళ్ళ సంగతి ఆ దేశంలో అందరికీ తెలిసిందే. "బుక్రా" అన్నాడు, అంటే రేపు. పెద్దాయన పచ్చి జిగురును వేలితో తాకి చూసి, తనూ "బుక్రా" అని వెళ్ళిపోయాడు. అతిథులు దుప్పట్లు కప్పుకుని గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగారు. పిల్లలు ఇంట్లో పడుకున్నారు.

మర్నాడు పొద్దున తలుపు బిగించాక నేను చుట్టూ కాగితం లాగాను. నాలుగు వైపులా చిరిగింది. బందుల వైపు మరీ చిన్న ముక్క చేతికొచ్చింది. చిన్నాయన ముందు పిడికెడు పుల్లలతో చిన్న మంట వేసి, సాయంత్రానికి పెంచాడు. ఆ చలికాలమంతా గుడారంలో పొగ వాసనే లేదు.

చిన్నాయనకు మెచ్చుకోలు దక్కిందని చెప్పాలని నాకూ ఉంది. అలా చెప్పడం నాకు చిటికెలో పని. కానీ జరిగింది వేరు. ఎదురు మాట్లాడేవాడు ఇంట్లో పనికిరాడని మేనేజరు నెల తిరక్కుండానే ఆయన్ను అల్ ఖోర్‌లో ఒక కట్టడం సైటుకు, కూలీల క్యాంపుకు మార్పించాడు. అక్కడి ఎండలో ఆయన నాలుగేళ్ళు చేశాడు. వెళ్ళే రోజు ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు కోసం నిలబడితే నేను ఏడుస్తూ, అయిందని ఒక్క మాట అంటే పోయేది కదా చిన్నాయనా అన్నాను.

"ఆ రాత్రి పొయ్యికాడ నువ్వు గూడ పండుకుందువు గద బిడ్డా" అన్నాడు. అంతే, బస్సెక్కాడు.

ఇప్పుడు దోహాలోనే ముషైరిబ్‌లో నా ఉద్యోగం, కిరాయికిచ్చే ముందు ఫ్లాట్లు చూసి సంతకం పెట్టడం. ఒంటెల స్వెట్టర్ల కథ మా ఆఫీసులోనూ చెప్పాను, ఇద్దరు నమ్మారు. మొన్న ఒక కుర్ర ఇంజనీరు కాగితాలు ముందు పెట్టి, మేడమ్, స్నానాల గది గీజరు ఎర్తు తీగ ఒక్కటే మిగిలింది, పైకి తెలియదు, రేపు చేయిస్తాం, ఇవాళ సంతకం పెట్టండి అన్నాడు. రాత్రికి అందులో దిగబోయే వాళ్ళకు పిల్లలున్నారా అని అడిగాను. ఇద్దరున్నారన్నాడు. పెన్ను మూత పెట్టాను. పై ఆఫీసరుకు ఫోను చేస్తానన్నాడు, చేసుకోమన్నాను. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. ఆ ఫ్లాటు తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది.