ముద్ద నోట్లో ఉండగా

ఆయన్ని సెలూన్‌లో అందరూ కబుర్లాయన అనేవారు. క్షవరం అరగంట, కబుర్లు గంట. తల ఆయన చేతుల్లో ఉంటుంది కాబట్టి అవతలివాడికి పారిపోయే దారి ఉండదు. ఇంట్లోనూ ఇదే వరస. ముద్ద నోట్లో పెట్టుకుని మొదలుపెడితే ముద్దలు అయిపోయేవి గానీ మాటలు అయ్యేవి కావు. పెళ్ళయిన కొత్తలో భార్య కూడా ఏదో చెప్పబోయింది. సందు దొరక్క ఊఁ కొట్టడంతో సరిపెట్టుకుంది.

ఈమధ్య ఆయనకి పక్షవాతం కొద్దిగా తగిలి వదిలేసింది. కత్తెర బాగానే ఆడుతోంది, మూతి మాత్రం కాస్త పక్కకి జరిగింది. షాపులో అందరికీ ఒకటే నీళ్ళ సీసా. మూతి తగలకుండా తల వెనక్కి వాల్చి, ఎత్తి గొంతులో పోసుకోవడం అక్కడి మర్యాద. ఆయన పోసుకున్నప్పుడల్లా పొలమారేది. కుర్చీలో ఉన్నవాడు సబ్బు నురగలోంచే, "ఎవరో తలుచుకుంటున్నారన్నా" అనేవాడు.

ఎవరన్నదాని మీద ఇంట్లో చర్చ నడిచింది. "మీ అక్కే అయ్యుంటుంది. మనం ఇప్పుడెందుకు గుర్తొచ్చామో" అని భార్య ఆయన నెత్తి మీద తట్టి, ఇంకో గ్లాసు నీళ్ళు పట్టేది. ఆ నీళ్ళు కొంచెం కొంచెం ఊపిరితిత్తుల్లోకి చేరాయి. జ్వరం, ఆయాసం, ఆస్పత్రి. పాపం, ఆ అక్కకి ఏమీ తెలియదు.

"మళ్ళీ ఇలా అయితే పొట్టలోకి గొట్టం వేయాలి. నోటితో తిండి బంద్" అన్నాడు డాక్టరు. కబుర్లాయనకి చావంటే పెద్ద భయం లేదు గానీ, గొట్టమనేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆస్పత్రిలో మింగడం నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. గొంతులో కండరాలు నీరసపడ్డాయని, నీళ్ళు వచ్చే వేళకి గాలి దారి మూసుకోవడం లేదని చెప్పింది. "తల వెనక్కి వాల్చారంటే ఆ దారికి తలుపు బార్లా తీసినట్టే, బాబాయ్ గారూ." నిటారుగా కూర్చోవాలి. గడ్డం దించి మింగితే ఆయనకి సురక్షితమని పరీక్షలో తేలిందని, అలాగే చేయమని అంది. చిన్న ముద్ద, రెండుసార్లు మింగాలి. నీళ్ళలో పొడి కలిపి చిక్కగా తాగాలి. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. అన్నింటికీ ఆయన తల ఊపాడు.

"తినేటప్పుడు మాట్లాడకూడదు."

దీనికి ఊపలేదు. "ఇంకో మార్గం లేదా అమ్మా?"

"గొట్టం ఉంది."

ఇంట్లో భోజనాలు నిశ్శబ్దమైపోయాయి. భార్యకి మొదట్లో తోచలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. షాపు గోడలకి వేసిన ఆకుపచ్చ రంగు తనకి ఏనాడూ నచ్చలేదంది. చిన్నప్పుడు ఈత వచ్చేదంది. ఈ మనిషెవరా అన్నట్టు చూస్తూ కబుర్లాయన జిగురులాంటి నీళ్ళు తాగాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ అన్నం మెత్తగా మెదుపుతూ అంది. "మీకు ఆయాసం వచ్చిన రోజు నేను వార్డు బయట నిలబడ్డాను. ఈయన పోతే ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో అనుకున్నాను. అనుకున్నాక ఏడుపు ఆగలేదు. ఆ ప్రశాంతత నాకొద్దు."

ఆయన నోట్లో ముద్ద ఉంది. వంద మాటలు నాలుక చివరికొచ్చాయి. గడ్డం దించాడు. మింగాడు. మళ్ళీ మింగాడు. గొంతు సవరించుకుని, లోపల ఏమీ మిగల్లేదని నమ్మకం కుదిరేదాకా ఆగాడు.

"ఇంకా ఏమనుకున్నావు?" అని అడిగాడు.