గ్రహానికి కృతజ్ఞతా కూడిక

2023 చివర, సూళ్లూరుపేట. వానలు ఇవాళో రేపో అన్నట్టున్న రోజులు. నేను అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మిగిలిన టైములో నక్షత్రాల వెలుగును విడదీసి చూస్తాను. ఈ ఊళ్లో నక్షత్రాలు అనగానే ఎదుటివారు "శ్రీహరికోటలోనా సార్?" అని అడుగుతారు. "కాదండీ, బస్టాండు వెనకాల" అంటే వాళ్ల కళ్లలో గౌరవం కొంచెం సర్దుకుంటుంది. రాకెట్ లేచినప్పుడు మా గది కిటికీలు కూడా అదురుతాయి. ఆ శాస్త్రంతో మాకున్న సంబంధం అంతవరకే.

మాకు టెలిస్కోపు లేదు. విదేశాల్లోని పెద్ద టెలిస్కోపులు తీసిన స్పెక్ట్రమ్‌లు, అంటే నక్షత్రపు వెలుగును రంగులుగా పరిచిన పట్టీలు, కొంతకాలం తర్వాత ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెడతారు. వాటిని దించుకుని, ముందువాళ్లు వదిలేసింది ఏమైనా ఉందా అని వెతుకుతాం. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి లాంటిది మాది. సాంబారు పలచబడి ఉంటుంది, కానీ అప్పుడప్పుడు స్వీటు మిగులుతుంది.

ఎస్తేరు నా దగ్గర పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేది. నాయుడుపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్. నక్షత్రంలో ఉండే ఇనుము పాలుకీ, దాని చుట్టూ గ్రహాలు ఉండటానికీ ఉన్న సంబంధం ఆమె విషయం. ఆ ఇనుము పాలును మెటాలిసిటీ అంటాం. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతా అన్నిటినీ మేం మెటల్ అనే పిలుస్తాం, ఆక్సిజన్‌తో సహా. ఇది విన్న మా కెమిస్ట్రీ లెక్చరర్ కొన్నాళ్లు నాతో కలిసి టీ తాగలేదు. ఇనుము ఎక్కువున్న నక్షత్రాల దగ్గర గురుడంతటి పెద్ద గ్రహాలు ఎక్కువగా కనిపిస్తాయి. నక్షత్రమూ గ్రహాలూ ఒకే ధూళి నుంచి పుడతాయి కాబట్టి, ధూళిలో సరుకుంటే గ్రహానికి పునాది త్వరగా పడుతుంది. ఎస్తేరు థీసిస్‌లో మూడు చాప్టర్లు దీని మీదే. నాలుగోది బక్కగా ఉంది. యూనివర్సిటీ గడువు పొడిగించడం అదే ఆఖరిసారి. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, అన్నేళ్ల పనీ దాంతోపాటే పోతుంది.

ఆ నెల మధ్యలో ఒక సోమవారం ఆమె లాప్‌టాప్ గుండెకు హత్తుకుని వచ్చింది.

"సార్, ఒకటి చూపించాల. మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"అయితే లేవబాకండి."

తెర మీద పీరియడోగ్రామ్ ఉంది. నక్షత్రం కదలికలో ఎన్ని రోజులకొకసారి వచ్చే లయ బలంగా ఉందో చూపే గ్రాఫ్ అది. గ్రహం తన చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం ఊరుకోదు, అదీ కొద్దిగా ఊగుతుంది. ఒకసారి మన వైపు, ఒకసారి అవతలికి. ఆ ఊపు స్పెక్ట్రమ్‌లోని నల్లటి గీతలు అటూ ఇటూ జరగడంలో తెలుస్తుంది. ఎస్తేరు గ్రాఫులో, మూడు వారాలు దాటిన చోట, చదునైన నేల మీద తాటిచెట్టులా ఒక శిఖరం నిలబడి ఉంది. నెప్ట్యూన్ అంత గ్రహం అయ్యుండవచ్చు. ఎవరూ ప్రకటించనిది.

నాకు ఒళ్లు చల్లబడింది. సంతోషం వల్ల అని అప్పుడు అనుకున్నాను.

"కాల్షియం చూశావా?"

"చూసినాను సార్. అన్నేళ్ల సగటూ తీసినాను. చాలా తక్కువ. క్వైట్ స్టార్, అలజడి లేని నక్షత్రం అని రాసినాను."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నక్షత్రాలకు మచ్చలుంటాయి, మన సూర్యుడికి ఉన్నట్టే. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంటే మచ్చ ఒక అంచు నుంచి వచ్చి ఇంకో అంచుకు పోతుంది. పోతూ పోతూ గీతల ఆకారాన్ని కొద్దిగా వంచుతుంది. దూరం నుంచి చూసేవాడికి నక్షత్రమే ఊగినట్టుంటుంది. అంటే మచ్చ గ్రహంలా నటించగలదు. దాన్ని పట్టించేవి కాల్షియం హెచ్, కె అనే రెండు గీతలు. నక్షత్రం మీద అయస్కాంతపు అలజడి పెరిగితే ఆ గీతల నడిమధ్యలో వెలుగు పెరుగుతుంది. అందుకే మా వృత్తిలో గ్రహం దొరికింది అన్నవాడిని మొదట అడిగేది కాల్షియం గురించే.

"సగటు కాదమ్మా, ఏ రోజుకారోజు కావాలి. పులికాట్ సరస్సులో ఏడాది సగటు తీస్తే ఎప్పుడూ నీళ్లున్నట్టే. ఎండాకాలంలో పోయి చూడు, పడవ బురదలో కూర్చుని ఉంటుంది."

ఆమె నవ్వలేదు. ఆ పడవల్ని చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. అర్థమైంది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు సార్." లాప్‌టాప్ మూస్తూ, "మా అమ్మకు తప్ప" అంది.

మరుసటి రోజు ఆ అమ్మే ఫోన్ చేశారు. సుగుణమ్మ గారు నాయుడుపేటలో టైలరింగ్ షాపు నడుపుతారు. ఎస్తేరు చదువు మొత్తం ఆ మిషను మీదే నడిచింది.

"వందనాలు సార్. ఆదివారం ఆరాధన అయినాక మా చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం, బిడ్డ గ్రహం కనిపెట్టినందుకు. మీరు రావాల. రెండు మాటలు మాట్లాడాల."

"అమ్మా, ఇంకా ఒక పరీక్ష మిగిలి ఉందండీ."

"అది రాయని పరీక్ష ఏముండాది సార్!"

"ఎస్తేరుకు కాదండీ, నక్షత్రానికి."

"దానికీ ప్రార్థన చేస్తాం లెండి."

"ఫలితం వచ్చాక పెట్టుకుంటే బాగుంటుందేమో."

"వచ్చినాక స్తోత్రం ఎవరైనా చెప్తారు సార్. రాకముందే చెప్పేదాన్నే విశ్వాసం అంటారు."

మా వృత్తిలో దాన్ని తొందరపాటు అంటారు. ఆ మాట ఆవిడతో అనలేదు.

ఆ వారం నేను సరిగా పాఠం చెప్పలేదని పిల్లలు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అంటే తేడా వాళ్లకు తెలియలేదన్నమాట. నాకు మాత్రం ఏ క్లాసులో ఉన్నా ఆ శిఖరమే కళ్ల ముందుండేది. ఎస్తేరు కాలేజీకి సెలవు పెట్టి, రోజూ పొద్దున్నే రైల్లో వచ్చి మా గదిలో కూర్చునేది. ఒక్కో స్పెక్ట్రమ్‌లో కాల్షియం గీతలు కొలవడం, పనికిరానివి పక్కన పెట్టడం. కరెంటు పోతే ఇద్దరం కిటికీలోంచి మబ్బు వైపు చూసేవాళ్లం. మధ్యమధ్యలో ఆమె తన గ్రహం తరఫున వాదించేది.

"నక్షత్రంలో ఇనుము బాగా ఉండాది కదా సార్. గ్రహం ఉండే అవకాశం ఎక్కువే కదా."

"ఆ లెక్క పెద్ద గ్రహాలకు గట్టిగా పనిచేస్తుంది. నీది చిన్నది. అయినా మంచి కుటుంబం అన్నంత మాత్రాన పెళ్లికొడుకు ఉన్నట్టా?"

ఇంకోరోజు ఇంకా తెలివైన వాదంతో వచ్చింది. "గ్రహమే నక్షత్రాన్ని రెచ్చగొడతా ఉండాదేమో సార్! అట్టాంటివి ఉండాయి కదా."

ఉన్నాయి. కొన్ని రోజుల్లోనే చుట్టి వచ్చేంత దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాలు తమ నక్షత్రంలో అలజడి రేపుతాయని అనుమానించే కేసులు ఉన్నాయి. కానీ మూడు వారాల దూరంలో ఉన్న చిన్న గ్రహానికి అంత నోరుండదు. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతులో కూడా అది తప్పు కావాలన్న ఆశ వినిపించింది. గైడ్ కూడా మనిషే. నా పేరు కూడా ఆ పేపర్ మీద ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం కాల్షియం గ్రాఫ్ తెర మీదికి వచ్చింది. శిఖరం ఉంది. మూడు వారాలు దాటిన చోటే, తాటిచెట్టు పక్కన తాటిచెట్టు. అలజడికీ అదే లయ అంటే, ఆ ఊపు మచ్చదే కావచ్చు. ఇంకొక్క పరీక్షే మిగిలింది. ఊపు లెక్కల్ని ఏడాదికేడాది విడదీసి చూశాం. అలజడి ఎక్కువున్న ఏడాది ఊపు బలంగా ఉంది. శాంతంగా ఉన్న ఏడాది దాదాపు లేదు. మచ్చలు వస్తాయి, పోతాయి. గ్రహానికి సెలవులుండవు.

ఆమే ముందు నోరు తెరిచింది.

"సార్, క్యాండిడేట్ అని రాస్తే? గ్రహం అని కాకుండా, కావచ్చు అని."

"కాల్షియం గ్రాఫ్ పక్కనే పెట్టి రాస్తావా?"

"అది పెడితే ఎవరు నమ్ముతారు?"

"అదే కదా."

ఆమె తల దించుకుంది. "ఎగ్జామినర్లు ఏ రోజుకారోజు కాల్షియం అడగరేమో సార్."

"అడగకపోవచ్చు." ఇది నిజం. చాలామంది సగటు చూసి తృప్తి పడతారు. అలాంటి థీసిస్ మీద గైడుగా సంతకం పెట్టనని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఆమె మొహం చూసి ఆగాను. అది నేను చెప్పేది కాదు, తను తేల్చుకోవాల్సింది. సంతకం సంగతి ఆమెకు ఎలాగూ తెలుసు.

"మా అమ్మ బిర్యానీకి చెప్పేసినాది సార్" అని లాప్‌టాప్ మూసి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది.

శనివారం ఫోన్ లేదు. ఆదివారం నాయుడుపేటకు బస్సెక్కాను. ఎస్తేరు ఇంట్లో చెప్పిందో లేదో తెలియదు. నన్ను రెండు మాటలు మాట్లాడమంటే ఏ రెండు మాట్లాడాలో తెలియదు. చర్చి నిండా జనం. సుగుణమ్మ గారు పట్టుచీరలో, ముందు వరసలో. నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు చూస్తే అర్థమైంది, ఇంకా చెప్పలేదని.

దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ఎస్తేరును పిలిచారు. ఆమె మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ వందనాలు. గ్రహం దొరికిందని అమ్మకు చెప్పినాను. దొరకలేదు. నేను చూసినది నక్షత్రం మీద మచ్చ. అది తిరిగి తిరిగి వస్తా ఉంటే గ్రహం అనుకున్నాను. శుక్రవారం తెలిసినాది. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అమ్మా, నీకూ ఇప్పుడే తెలస్తా ఉండాది." ముందు వరస మీంచి చూపు తిప్పుకుంది. మళ్లీ అందుకుంది. "నెలాఖరుకి పుస్తకం ఇయ్యాల. గ్రహం తీసేసి మొత్తం చాప్టరు తిరగ రాయాల. టైము లేదు. లేకపోతే ఇన్నేళ్ల చదువూ పోతాది. దానికోసం ప్రార్థన చేయండి."

అంతమందిలో మచ్చకూ గ్రహానికీ తేడా తెలిసినవాళ్లు ఇద్దరమే. కానీ ఏదో పోయిందని మాత్రం అందరికీ తెలిసింది. పాస్టరుగారు లేచారు. "కృతజ్ఞతా కూడిక ప్రార్థన కూడిక అయినాది. భోజనాలు మాత్రం మారలేదు. ఎవురూ పోబాకండి" అన్నారు. కొందరు నవ్వారు. సుగుణమ్మ గారు నవ్వలేదు. నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. ఒక సభలో నన్ను మర్చిపోయినందుకు అంత సంతోషించడం అదే మొదలు.

భోజనాల దగ్గర ఆవిడే నా ప్లేటు తెచ్చారు.

"ఆ మచ్చ ఈ వారమే కనపడాల్నా సార్?"

"థీసిస్ ఇచ్చాక ఎవరో బయటివాళ్లకు కనపడి ఉంటే ఇంకా కష్టమయ్యేదండీ."

గరిటెతో ఇంకో ముక్క నా ప్లేటులో వేశారు. వేసిన తీరులో క్షమాపణ లేదు, శత్రుత్వమూ లేదు. "పుస్తకం అయ్యేదాకా దానికి ఇంటి పని ఒకటీ చెప్పను. మీరు కూడా కొత్త మచ్చలేం చూపించబాకండి."

చూపించలేదు. ఎస్తేరు నాలుగో చాప్టరును తలకిందులుగా రాసింది. సగటులో శాంతంగా కనిపించే నక్షత్రం గ్రహంలా ఎలా మోసం చేస్తుందో, ఏడాదికేడాది విడదీస్తే అదెలా బయటపడుతుందో. తన ఇనుము లెక్కల్లోని మిగతా నక్షత్రాల్నీ అదే జల్లెడలో పోసింది. నేను ఒక్కో పేజీ చదువుతూ గడియారం చూసేవాణ్ణి, ఆమె నన్ను చూసేది. గడువు ఆఖరి రోజున, జోరు వానలో, థీసిస్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చి వచ్చింది. మరుసటి ఏడాది వైవాలో ఎగ్జామినర్ మిగతా మూడు చాప్టర్ల గురించి మర్యాదగా అడిగి, నాలుగో దాని గురించి పట్టుదలగా అడిగాడు. ఒక చోట ఆమె అతనికే కాల్షియం గీతల గురించి వివరిస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను. డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా గ్రాఫులో శిఖరంతో వస్తే, కాల్షియం కన్నా ముందు ఒకటి అడుగుతాను: ఇంట్లో చెప్పావా? చెప్పలేదంటే, పోయి ఏ రోజుకారోజు కాల్షియం చూసుకుని రమ్మంటాను. చెప్పానంటే, కుర్చీ పక్కకు లాక్కుని నేనూ కూర్చుంటాను. ఇంట్లోవాళ్లను సంతోషపెట్టిన లెక్కను ఒక్కరే కూర్చుని కొట్టివేయడం చాలా కష్టం.