చెవులకు చెమట పట్టని హెడ్‌ఫోన్లు

ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్ళిన మనిషి ఇంటికి రావడానికి రెండేళ్ళు పట్టేది గానీ, ఆ మనిషి గొంతు మాత్రం నెలకో రెణ్ణెల్లకో క్యాసెట్‌లో వచ్చేది. మా ఆయన పెళ్ళైన నాలుగో నెలలో మస్కట్ వెళ్ళిపోయారు. అక్కడ ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. నేను కొవ్వూరులో అత్తగారి దగ్గర, మామగారి దగ్గర ఉండిపోయాను. ఫోను మాట్లాడాలంటే మెయిన్‌రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి కూర్చోవాలి. అద్దాల గదిలో నేను "ఊఁ" అన్నా బయట బెంచీ మీదున్న నలుగురూ తలెత్తి చూసేవారు. ఉత్తరమొస్తే మామగారు కవరు చింపి, పైకి చదివి, పొందిగ్గా మడిచి నా చేతికిచ్చేవారు. ఇక క్యాసెట్ వస్తే ముగ్గురం హాల్లో టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. అమ్మా నాన్నా వింటారని తెలుసు కాబట్టి మా ఆయన అందులో రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. "నేను క్షేమం. ఇక్కడ ఎండలు అధికంగా ఉన్నాయి." చిట్టచివర నా వంతు: "నీ ఆరోగ్యం జాగ్రత్త." ఇరవై ఒక్కేళ్ళ పిల్లకి ఆ మూడు మాటలతో నెల గడవడం కష్టం. (ఆ మూడు మాటల కోసమే ఎవరూ లేనప్పుడు టేపు వెనక్కి తిప్పుకుని వినేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

ఆ వేసవిలో మా ఆయన గదిలో ఉండే తణుకు ఆయన సెలవు మీద వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చారు. అందులో రెండు క్యాసెట్లు, ఒక హెడ్‌ఫోన్ల జత. ఒక క్యాసెట్ మీద "ఇంట్లో అందరికీ" అని, రెండోదాని మీద నా పేరు రాసి ఉన్నాయి. నాకోసమని ఒక చీటీ కూడా ఉంది. అలవాటు కొద్దీ దాన్నీ మామగారే పైకి చదివారు. "నీ క్యాసెట్ ఇవి పెట్టుకుని విను. ఇంకెవరికీ వినపడదు. షాపువాడు చాలా రకాలు చూపించాడు గానీ వీటితో చెవులకి చెమట పట్టదన్నాడు. మన ఊరి ఉక్కకి ఇవే నయమని తీసుకున్నాను." ఇంకెవరికీ వినపడదు అన్న ముక్క దగ్గర మామగారు ఒకసారి దగ్గి, మిగతాది గబగబా చదివేసి, చీటీ నాకిచ్చి వీధిలోకి వెళ్ళిపోయారు.

నేను అంతకుముందు వీడియో షాపులో చూసిన హెడ్‌ఫోన్లకి చెవుల మీద నల్లటి మూతలుండేవి. వీటికి ఆ మూత ఉండాల్సిన చోట సన్నటి ఇనప జాలీ ఉంది. అత్తగారు వాటిని వెలుతురు వైపు పెట్టి చూశారు. "ఇదేంటమ్మా, టీ వడకట్టేదానిలా ఉంది. వెనకాల మూతలు ఊడిపోయుంటాయి, పెట్టెలో చూడు," అన్నారు. ఇద్దరం అట్టపెట్టె బోర్లించి, కాగితం ఉండలన్నీ విప్పి మరీ వెతికాం.

మొదట అందరి క్యాసెట్టే పెట్టుకుని విన్నాను. చెవుల మీద ఏదో ఉన్నట్టే లేదు. గొంతు తలలో మోగడం లేదు, మా ఆయన నా పక్కన పీట వేసుకుని కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఆయన వెనకాల ఎవరో కంచం కడుగుతున్న చప్పుడు కూడా వినపడింది. అయితే బయటి చప్పుళ్ళూ ఆగలేదు. పెరట్లో కాకి, బ్రిడ్జి మీద గూడ్సు బండి, వంటింట్లోంచి అత్తగారి పిలుపు, అన్నీ శుభ్రంగా వినపడుతున్నాయి. ఇదొక లోపమే అనుకున్నాను ముందు. మొదటి పిలుపుకే పలకాల్సిన కొత్త కోడలికి ఇదే మంచిదని తర్వాత సర్దుకున్నాను. బయటిది లోపలికి వస్తోందంటే లోపలిది బయటికి పోతుందేమో అన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. (డిగ్రీలో ఫిజిక్సు నాకు ఫస్ట్ క్లాసు.)

టేప్‌రికార్డరు మామగారిది. హాల్లో ఉన్న బల్ల మీంచి దాన్ని కదపడం ఆయనకి ఇష్టం ఉండదు. కాబట్టి మర్నాడు భోజనాలయ్యాక నా క్యాసెట్ కూడా హాల్లోనే పెట్టాను. చేతికందేంత దూరంలో అత్తగారు నేల మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు. మామగారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. పైన ఫ్యాను రొద పెడుతోందని సౌండు బాగా పెంచాను. అయిదు నిమిషాలకే కరెంటు పోయింది. బ్యాటరీలున్నాయి కాబట్టి టేపు తిరుగుతూనే ఉంది. ఫ్యాను ఆగి హాలంతా నిశ్శబ్దంగా అయిపోయింది. సౌండు తగ్గించాలని నాకు తోచలేదు.

"ఏమోయ్," అన్నారు మా ఆయన, ఎప్పుడూ వినని గొంతుతో. నీలం చీరలో నా ఫోటో దిండు కింద ఉందన్నారు. ఇంకా ఏవేవో అన్నారు, అవి ఇక్కడ రాయను. నేను మాత్రం పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు మొహం బిగించి, కనురెప్ప కదపకుండా గోడకేసి చూశాను. తర్వాత అత్తగారు పంపిన ఆవకాయ ప్రసక్తి వచ్చింది. "పెట్టెలో నూనె కారి నా చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. ఉప్పు కషాయం. గదిలో ఎవరూ తినలేక పారేశాం. అమ్మకి మాత్రం బ్రహ్మాండంగా ఉందని చెప్పు." నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కున్నాను. అత్తగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

ఒక వైపు అయిపోయాక హెడ్‌ఫోన్లు తీశాను. "ఏమన్నాడమ్మా?" అన్నారు అత్తగారు.

"మీ ఆవకాయ బ్రహ్మాండంగా ఉందన్నారండీ."

"అలాగా. అంత నచ్చితే ఈసారి ఇంకాస్త ఉప్పేసి పంపుదాం."

పేపరు వెనకాల మామగారికి దగ్గొచ్చింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

రెండో వైపు మర్నాడు పెట్టాను. అదే చోటు, అదే వేళ, కరెంటు కూడా అలాగే పోయింది. ఈసారి మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. "ఒక విషయం చెప్పాలి. కంగారు పడకు," అన్నారు చివరికి. "నెల్లాళ్ళ కిందట స్టోర్‌లో నిచ్చెన మీంచి పడ్డాను. ఎడం చెయ్యి విరిగింది. పదిరోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు కట్టుంది. అమ్మకి చెప్పకు, అసలే బీపీ మనిషి. నాన్నకి చెబితే అమ్మకి చెప్పేస్తారు."

లేచి పెరట్లోకి పోదామంటే అత్తగారు ఎందుకని అడుగుతారు. ఏడుద్దామంటే ఎదురుగానే కూర్చున్నారు. ఆవిడకి ఏ రెండు రోజులకోసారో తల తిరిగి మంచం పట్టుకుని నిలబడడం నేను చూస్తూనే ఉన్నాను. ఈ మాట చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. చాటలో ఉన్న మునగ రెమ్మల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ హెడ్‌ఫోన్లు ఎంత మంచివో అప్పుడే తెలిసింది. మాటకీ మాటకీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం, ఎక్కడో నొప్పి పుట్టి ఆగడం, అంతా నా పక్కనే జరుగుతున్నట్టుంది. పదకొండో రెమ్మ దగ్గర లెక్క తప్పింది.

"ఏ చెయ్యి?" అన్నారు అత్తగారు.

నేను టేపు ఆపాను. "ఏంటండీ?"

"విరిగింది ఏ చెయ్యమ్మా? సరిగ్గా అప్పుడే మీ మామగారు దగ్గారు."

"ఎడమది," అన్నారు మామగారు పేపరు దించకుండా. అన్నం తిన్నప్పటి నుంచీ ఆయన ఆ పేజీ తిప్పలేదని అప్పుడు చూశాను.

ముందు నాకు నిన్నటి నీలం చీర గుర్తొచ్చింది. అలాంటి సమయంలో అది గుర్తు రావడమేంటని నా మీద నాకే అసహ్యం వేసింది. అత్తగారు చేతిలో రెమ్మని దూయకుండానే కింద పెట్టేశారు. భయపడి బీపీ మాత్ర కోసం లేవబోయాను. హెడ్‌ఫోన్ల వైరు నన్ను వెనక్కి లాగింది.

"మాత్ర తర్వాత. అయిపోయిందా, ఇంకా ఏమన్నా చెప్పాడా?" అన్నారు ఆవిడ.

"ఇంకా ఉందండీ." హాల్లో అందరికీ వినపడేలా పెడదామని వైరు పీకబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. చెవులకే పెట్టుకో. నీకని చెప్పుకున్నాడు. మా పని మేం చేసుకుంటాం," అని చాటతో సహా జానెడు నా వైపుకి జరిగారు. పడక్కుర్చీ కూడా కిర్రుమంది.

మిగతా టేపు అలాగే విన్నాం. ఎముక అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడట. కట్టు లోపల దురద పెడుతుంటే చెంచా కాడ దూర్చి గోక్కుంటున్నారట. ఆ మాటకి మామగారికి నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నారు. టేపు ఆగాక అత్తగారు కళ్ళు తుడుచుకుని, తనే వెళ్ళి మాత్ర వేసుకుని వచ్చి, "మేం విన్నట్టు వాడికి చెప్పకు," అన్నారు.

మా జవాబు క్యాసెట్‌లో ఆవిడ ఎంతో జాగ్రత్తగా మాట్లాడారు. చివర్లో మాత్రం నోరు జారింది. "బరువులెత్తకు నాన్నా" అనేసి, నా మొహం చూసి, "ఎవరైనా సరే ఎత్తకూడదు, రోజులు బాగాలేవు" అని సర్దారు. నా పేరు రాసిన తర్వాతి క్యాసెట్‌లో మా ఆయన కోపంగా, "నువ్వు అమ్మకి చెప్పేశావు కదూ," అన్నారు. ముగ్గురం కలిసే విన్నాం. "లేదని చెప్పమ్మా," అన్నారు అత్తగారు నింపాదిగా. "నువ్వు చెప్పలేదు కదా, అబద్ధమేం కాదు."

మరుసటి ఏడు ఆయన రాజమండ్రి స్టేషన్లో దిగగానే అత్తగారు కొడుకు మొహం కూడా చూడకుండా ఎడం చెయ్యి పట్టుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా వంకాయ బేరం చేసినట్టు నొక్కి చూశారు. మా ఆయన నాకేసి ఒక చూపు చూశారు. నేను సామాను లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆయన ఇప్పటికీ నేనే చెప్పానంటారు. అత్తగారు, మామగారు ఇద్దరూ వెళ్ళిపోయారు కాబట్టి నాకు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు.

అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. మొహంలో ఏదీ బయటపడకూడదని ఎంత అవస్థ పడ్డానో. పక్కనున్న ఇద్దరూ అవే మాటలు విని, కొత్త కోడలు సిగ్గుపడకూడదని తమ మొహాలు బిగబట్టుకోడానికి ఎంత అవస్థ పడ్డారో, నాకూ ఒక కోడలు వచ్చాక గానీ తెలియలేదు.